బొమ్మల పీరియడు ఎవరు తీసుకున్నారు?

గత ఏడాది మే నెలలో పొన్నూరు దగ్గర ఒక సంఘంలో వేసవి బైబిలు పాఠశాల జరుగుతుంటే చూడటానికి వెళ్లాం. ఆ రోజు పాఠం మంచి సమరయుని కథ. కథ అయ్యాక టీచర్లు పిల్లలకు తలా ఒక తెల్లకాగితం, మధ్యలో రంగు పెన్సిళ్ల డబ్బా పెట్టి, విన్నది బొమ్మ వెయ్యమన్నారు. మేము వరుసల మధ్య నడుస్తూ చూస్తున్నాం. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె రోడ్డు పక్కన పడిపోయిన మనిషిని వేసింది. అతని పక్కన కూర్చున్న సమరయుడు చీర కట్టుకుని ఉన్నాడు. ఆ మనిషి చేతులు ఒళ్లంత పెద్దవి. రెండింటికీ ఎర్రరంగు గట్టిగా రుద్దింది.

"ఏమ్మా, చేతులు ఎక్కడైనా అంత పెద్దగా ఉంటాయా? చెరిపి సరిగ్గా వెయ్యి" అన్నాం. నవ్వుతూనే అన్నాం. ఆ పిల్ల ఒక్క మాట కూడ మాట్లాడకుండా రబ్బరు తీసుకుని చెరిపింది. ఎర్రరంగు పూర్తిగా పోలేదు, కాగితం చిరిగింది.

కూడిక ముగిశాక టీచరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది. "అయ్యగారూ, ఆ పాప వాళ్లమ్మ మిరపకోతలకు పెదనందిపాడు వైపు ఆటోలో వెళ్తుందండి. సీజను ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు చేతులు మంటలు. కొబ్బరినూనె రాసుకున్నా తగ్గవు. అన్నం కూడ ఈ పాపే కలిపి తమ్ముడికి పెడుతుందండి. సమరయుడంటే వాళ్లమ్మే అనుకుందేమో."

మేము ముప్పై ఏళ్లకు పైగా ఆ కథ మీద ప్రసంగాలు చేశాం. ఆ ఎనిమిదేళ్ల పిల్ల ఒక్క కాగితం మీద చెప్పినంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాం. ఆ ప్రసంగాన్ని చెరిపించింది కూడ మేమే. ఈ వారం సంపాదకీయం అందుకే రాస్తున్నాం. పిల్లలకు బొమ్మలెందుకు, బడిలో కళ నేర్పడం అంటే ఏమిటి, దీనిలో సంఘానికి పని ఏమిటి అన్న మూడు ప్రశ్నలను పాఠకుల ముందు పెడుతున్నాం.

పిల్లలు బొమ్మ ఎలా వేస్తారు?

ముందుగా మాకు తెలియక చేసిన తప్పు ఏమిటో చూద్దాం. పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు చిన్న నకలు కాదు. దాని పద్ధతి వేరు. పిల్లల చిత్రాలను ఏళ్ల తరబడి పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే అధ్యాపకుడు 1947లో ప్రచురించిన పుస్తకంలో ఆ పద్ధతిని దశలుగా వివరించాడు. చిత్రకళ నేర్పేవారు ఈనాటికీ దాన్ని చదువుతారు. అన్ని వివరాలకూ అందరూ ఒప్పుకోకపోయినా, ఇంట్లో పిల్లలున్న ప్రతివారికీ ఆ దశలు కళ్లముందే కనబడతాయి.

రెండేళ్ల బిడ్డ గోడ మీద గీసే పిచ్చిగీతలు అల్లరి కాదు. తన చెయ్యి కదిలితే గోడ మీద గుర్తు పడుతుందని బిడ్డ మొదటిసారి తెలుసుకుంటున్నాడు. మూడు నాలుగేళ్లకు ఒక గుండ్రని సున్నా వేసి, దానికే రెండు కాళ్లు తగిలించి "నాన్న" అంటాడు. పొట్ట లేదు, మెడ లేదు. అయినా అది నాన్నే. ఏడెనిమిదేళ్లకు కాగితం అడుగున ఒక గీత గీస్తే అది నేల, పైన ఒక నీలం పట్టీ వేస్తే అది ఆకాశం. మనుషులు, ఇళ్లు, చెట్లు అన్నీ ఆ నేల గీత మీద వరుసగా నిలబడతాయి. ఈ వయసులో పిల్లలు ఏది ముఖ్యమనుకుంటే దాన్ని పెద్దగా వేస్తారు. బంతి పట్టుకునే పిల్లవాడి చెయ్యి పొడుగవుతుంది, పన్ను నొప్పిగా ఉన్న పిల్ల బొమ్మలో నోరు పెద్దదవుతుంది. కొలతలు తెలియక అలా వెయ్యరు. తమ మనసులో దాని కొలత అంత గనుక అలా వేస్తారు.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఒక మలుపు వస్తుంది. పిల్లవాడు తన బొమ్మను లోకంతోను, పక్కవాడి బొమ్మతోను పోల్చుకోవడం మొదలుపెడతాడు. చేతికి నైపుణ్యం ఇంకా రాలేదు, కంటికి మాత్రం తేడా తెలుస్తుంది. ఆ సమయంలో నేర్పేవారు పక్కన లేకపోతే "నాకు రాదు" అని పెన్సిలు కింద పెట్టేస్తాడు. పెద్దవాళ్లలో చాలామంది బొమ్మలు వెయ్యడం మానేసింది ఈ వయసులోనే. ఈ సంపాదకీయం చదువుతున్నవారు ఒక్కసారి జ్ఞాపకం చేసుకుంటే తామెప్పుడు మానేశారో గుర్తొస్తుంది. బహుశా ఎవరి మాటకు మానేశారో కూడ గుర్తొస్తుంది.

ఈ వేసవిలో అదే సంఘానికి మళ్లీ వెళ్లాం. ఆ పాప వచ్చింది, ఒక ఏడాది పెద్దదయింది. కాగితాలు పంచినప్పుడు తన కాగితాన్ని పక్కపిల్లకు ఇచ్చేసి, "నాకు బొమ్మలు రావండీ" అంది. మేము ఏమీ అనలేకపోయాం.

దేవుడు పేరుపెట్టి పిలిచిన పనివాడు

మన సంఘాలలో కొందరికి బొమ్మలంటే భయం ఉంది. పది ఆజ్ఞలలో రెండవది విగ్రహాలను నిషేధించింది గదా అంటారు. భయానికి కారణం ఉంది కాబట్టి దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. కాని ఆ ఆజ్ఞ నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఉంటే, అదే గ్రంథం 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి పేరుపెట్టి పిలిచాడు. ప్రత్యక్ష గుడారపు పనికి కావలసిన నేర్పు కోసం తన ఆత్మతో అతన్ని నింపాడు. దేవుని ఆత్మతో నిండినవారని లేఖనం పేరుపెట్టి చెప్పినవారిలో మొదటివాడు రాజు కాడు, యాజకుడు కాడు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్రలతో పనిచేసే కళాకారుడు. అతనికి తోడుగా దాను గోత్రపువాడైన అహోలీయాబు.

ఆ గుడారంలో కరుణాపీఠం మీద కెరూబులున్నాయి, దీపవృక్షానికి పువ్వులున్నాయి, యాజకుని అంగీ అంచున దానిమ్మపండ్లున్నాయి. అవన్నీ బొమ్మలే. ఆజ్ఞ నిషేధించింది వాటికి మొక్కడాన్ని. మోషే చేయించిన ఇత్తడి సర్పం ఎడారిలో ప్రజల ప్రాణం కాపాడింది. తరాలు గడిచాక జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. రెండు పనులూ సరైనవే. బొమ్మను ఎక్కడ ఉంచాలో తెలిస్తే భయపడనక్కరలేదు.

35వ అధ్యాయంలో మేము చాలాకాలం గమనించకుండా దాటిపోయిన విషయాలు రెండున్నాయి. బెసలేలుకూ అహోలీయాబుకూ దేవుడు పని చేసే నేర్పుతో పాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడ ఇచ్చాడు. అంటే డ్రాయింగు మాస్టారి పిలుపు లేఖనంలోనే ఉంది. ఇక రెండోది, ఆ అధ్యాయం స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని చెప్పి, వారి చేతులను ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. దేవుని మందిరపు లెక్కలో కష్టం చేసిన స్త్రీల చేతులకు చోటుంది. ఆ పాప ఎర్రగా వేసిన చేతులకు మా కళ్లలో చోటు లేకపోయింది.

యెహెజ్కేలు ప్రవక్తను దేవుడు ఒక మట్టి పెంకు మీద యెరూషలేము పటం గియ్యమన్నాడు. యొర్దాను దాటాక పన్నెండు రాళ్లు నిలబెట్టించింది, పిల్లలు వచ్చి "ఇవేమిటి?" అని అడగడం కోసం. ప్రభువైన యేసు పొలంలో పూసే పువ్వులను జాగ్రత్తగా చూడమన్నాడు. చూడటం కూడ శిష్యత్వంలో భాగమే. చూసే అలవాటు చిన్నప్పుడే అబ్బాలి.

ఒక్కరు గుర్తిస్తే చాలు

మన ఆంధ్రదేశపు చిత్రకళా చరిత్రలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. వందేళ్ల క్రితం రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు. తన దగ్గరకు వచ్చిన తెలుగు కుర్రవాళ్లలో బొమ్మలు వేసే చెయ్యి ఎవరికుందో కనిపెట్టి ప్రోత్సహించాడు. వారిలో ఒకరు దామెర్ల రామారావు (1897–1925). కూల్డ్రే ప్రోత్సాహంతోనే ఆయన బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి చదువుకున్నారు. తిరిగివచ్చి రాజమండ్రిలో చిత్రకళ నేర్పే బడి పెట్టారు. మశూచి సోకి ముప్పై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న చిత్రశాలలో ఇప్పటికీ చూడవచ్చు. మరొకరు అడివి బాపిరాజు. నవలాకారుడిగా ఆయన పేరు తెలియని తెలుగు పాఠకుడు ఉండడు గాని, ఆయన చిత్రకారుడు కూడ. ఆయన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయ దగ్గర చిత్రకళ నేర్చుకుని, తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. చదువుతో పాటు చేతిపని, చిత్రకళ కూడ ఉండాలని స్వాతంత్ర్యోద్యమ కాలంలో మనవాళ్లు పెట్టుకున్న విద్యాసంస్థ అది. కళను చదువులో భాగంగా చూడటం మనకు ఎవరో ఢిల్లీ నుంచి చెప్పవలసిన కొత్త సంగతి కాదు.

మన గుంటూరు జిల్లాలోనే దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి అనే పల్లెలో సంజీవదేవ్ (1914–1999) బ్రతికారు. చిత్రకారుడు, రచయిత, కళావిమర్శకుడు. పల్లెలో కూర్చునే దేశమంతటి కళాకారులతో, పండితులతో ఉత్తరాలు నడిపారు. అమరావతి శిల్పాలు మన కృష్ణ ఒడ్డువే. చెన్నై మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్న ఆ పాలరాతి వంటి తెల్లని పలకలు చెక్కినవారు ఈ నేల పనివారే. ఇంత సంపద మధ్య పుట్టిన మన పిల్లలకు వారానికి ఒక్క బొమ్మల గంట లేకపోవడం ఎంత విచిత్రం!

క్రైస్తవ పాఠకులు మరచిపోకూడని పేరు మరొకటి ఉంది. డాక్టర్ పులిదిండి సాల్మన్ రాజు (1921–2019) ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘ కాపరి, వేదాంత పండితుడు. ప్రసంగవేదిక మీద చెప్పిన సువార్తనే ఆయన గుడ్డ మీద, చెక్క మీద కూడ చెప్పారు. బాతిక్ పని అంటే రంగు పట్టకూడదనుకున్న చోట కరిగిన మైనం పూసి, గుడ్డను రంగులో ముంచి, తరువాత మైనం తీసెయ్యడం. మైనం పగిలిన చోట రంగు సన్నని గీతలుగా లోపలికి దిగుతుంది. చెక్కముద్ర అంటే చెక్కను తొలిచి, మిగిలిన గట్టు మీద సిరా రాసి కాగితం అద్దడం. ఈ రెండు పద్ధతులలో ఆయన వేసిన క్రీస్తు మన నేల మనిషి, బీదల మధ్య నడిచేవాడు. విజయవాడలో ఆయన నెలకొల్పిన ఆశ్రమానికి పరిశుద్ధ లూకా పేరు పెట్టి లలితకళా ఆశ్రమం అన్నారు. సువార్తికుడైన లూకా చిత్రకారుడు కూడ అని పాత క్రైస్తవ సంప్రదాయం ఒకటి ఉంది. మన సండేస్కూలు గోడల మీద నీలికళ్ల క్యాలెండరు బొమ్మలున్నాయి గాని, మన పక్క ఊళ్లో ఇంతటి కాపరి వేసిన బొమ్మ ఒక్కటైనా ఎన్ని చర్చిల్లో ఉంది?

కాపరులకు పిల్లల చదువుతో, బొమ్మలతో సంబంధం ఏమిటి అనేవారికి మరొక సంగతి చెబుతాం. పిల్లలకోసం పాఠం పాఠానికీ బొమ్మలతో తయారైన తొలి పాఠ్యపుస్తకాలలో పేరు పొందినది 1658లో అచ్చయిన 'ఆర్బిస్ పిక్టస్'. దాన్ని రాసిన జాన్ ఆమస్ కొమీనియస్ మొరావియాకు చెందిన సహోదర సంఘపు బిషపు. యుద్ధంలో ఇల్లు, ఊరు పోగొట్టుకుని పరదేశిగా బ్రతికినవాడు. బిడ్డ ముందు కంటితో చూడాలి, తరువాత పేరు నేర్చుకోవాలి అన్నది ఆయన పద్ధతి. ఈనాడు ఒకటో తరగతి పుస్తకంలో "అ" పక్కన అరటిపండు బొమ్మ కనబడుతుందంటే ఆయన నడిపిన దారిలోనే అది వచ్చింది.

కాగితం మీద ఉంది, టైంటేబులులో లేదు

ప్రభుత్వాలు దీన్ని ఒప్పుకోలేదని కాదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీతం, నృత్యం, చిత్రకళ, నాటకం నాలుగింటినీ పదో తరగతి వరకు పిల్లలందరికీ నేర్పాలంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో, ఆరు నుంచి ఎనిమిది తరగతులలో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలని రాసి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలు వేరు, ఇతర కార్యక్రమాలు వేరు అనే గోడ ఉండకూడదంది. 2024లో ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడో తరగతికి 'బాంసురి', ఆరో తరగతికి 'కృతి' అనే కళల పాఠ్యపుస్తకాలు తెచ్చింది. మన రాష్ట్రంలో లోయర్, హయ్యర్ డ్రాయింగు పరీక్షలు పాతకాలం నుంచి ఉన్నవే. అవి పాసై డ్రాయింగు మాస్టర్లయినవారు మన సంఘాలలోనూ ఉన్నారు.

మరి పీరియడు ఎటు పోయింది? జవాబు మాకు తెలుసు, ఎందుకంటే దాన్ని తీసినవారిలో మేమూ ఉన్నాం. చాలా ఏళ్ల క్రితం ఒక పాఠశాల కమిటీలో సభ్యులుగా ఉన్నాం. పదో తరగతి ఫలితాలు తగ్గాయని చర్చ వచ్చింది. డ్రాయింగు పీరియడు తీసి లెక్కలకు ఇద్దామన్నారు. అందరితో పాటు మేమూ చెయ్యెత్తాం. మాస్టారు రిటైరయ్యాక ఆ స్థానంలో మరొకరిని తీసుకోలేదు. మరుసటేడు ఫలితాలు పెరిగాయా అంటే, ఆ ప్రశ్న కమిటీలో ఎవరమూ అడగలేదు.

వారానికి ఒక్క పీరియడు అంటే నలభై నిమిషాలు. ఏడాదికి 40 వారాలు వేసుకున్నా 27 గంటలు. ఒక్క పిల్లవాడు ట్యూషన్లో రెండు వారాల్లో కూర్చునే సమయం అది. ఆ కొంచెం తీసి లెక్కల్లో కలిపితే లెక్కలేమీ పెరగవు. తీసేసినచోట మాత్రం పెద్ద ఖాళీ మిగులుతుంది.

నిజానికి చదువు దృష్టితో చూసినా ఇది నష్టం. పదో తరగతి జీవశాస్త్రంలో గుండె బొమ్మ, మూత్రపిండం బొమ్మ గీసి భాగాలు గుర్తించాలి. రేఖాగణితంలో నిర్మాణాలు ఉన్నాయి. సాంఘికశాస్త్రంలో పటం ఉంది. చూసి గియ్యడం అలవాటున్న పిల్లవాడు గుండెను చూసి, రక్తం ఎటునుంచి ఎటు వెళ్తుందో అర్థం చేసుకుని గీస్తాడు. అలవాటు లేనివాడు ఆ బొమ్మను కూడ పద్యం లాగా బట్టీపట్టి, ఎడమా కుడీ తారుమారు చేస్తాడు. ఉద్యోగం సంగతి అడిగేవారికి కూడ జవాబుంది. ఆర్కిటెక్చరు చదువుకు పెట్టే ప్రవేశపరీక్షలో డ్రాయింగు ఉంది. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ ఎక్కడో లేదు, మన గుంటూరు పక్కనే తన తరగతులు ప్రారంభించింది. పెడనలో కలంకారీ అచ్చులు, కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బొమ్మలు, మంగళగిరిలో మగ్గాలు ఈనాటికీ కుటుంబాలను పోషిస్తున్నాయి. అయినా ఉద్యోగం వస్తుందని మాత్రమే బొమ్మలు నేర్పమని మేము చెప్పం. ప్రతి బిడ్డా చిత్రకారుడు కానక్కరలేదు. ప్రార్థన నేర్చుకున్న ప్రతివాడూ కాపరి కాడు గదా.

మాట రాని చోట

అసలు కారణం వేరే ఉంది. బిడ్డకు మాటలు చాలని సంగతులుంటాయి. వాటికి చెయ్యి దారి ఇస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు యూదులను తెరెజీన్ అనే పట్టణంలో నిర్బంధించారు. వియన్నాలో పుట్టిన ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణిని 1942 డిసెంబరులో అక్కడికి తరలించారు. ఆమె తనకు తీసుకువెళ్లనిచ్చిన కొద్ది సామానులోనే కాగితాలు, రంగులు పెట్టుకుంది. తల్లిదండ్రుల నుంచి వేరైన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని రహస్యంగా బొమ్మలు నేర్పింది. మనుషులను నంబర్లతో లెక్కపెట్టే ఆ చోట, ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత వారి పేరు రాయించింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌కు తీసుకుపోయి చంపారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది కూడ బ్రతకలేదు. ఆమె రెండు పెట్టెల్లో దాచిపెట్టిన దాదాపు 4,500 బొమ్మలు మాత్రం బ్రతికాయి. అవి ప్రాగ్‌లోని యూదుల మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లలు ఉన్నారని, వారికి పేర్లున్నాయని, వారు పువ్వులను, ఇంటిని, భోజనపు బల్లను తలచుకున్నారని లోకానికి తెలిసింది ఆ కాగితాల వల్లనే.

మన పిల్లల కష్టాన్ని దానితో పోల్చడం లేదు. కాని మన సండేస్కూలుకు వచ్చే బిడ్డల్లో తండ్రి తాగివచ్చి కొట్టే ఇంటినుంచి వచ్చేవారున్నారు. పత్తి తీతకు, మిరపకోతకు తల్లిదండ్రులు వలసపోతే అమ్మమ్మ దగ్గర మిగిలినవారున్నారు. వారిని "నీ బాధ ఏమిటి?" అని అడిగితే చెప్పరు. కాగితం ఇచ్చి "మీ ఇల్లు బొమ్మ వెయ్యి" అంటే, ఆ ఇంట్లో ఎవరిని ఎక్కడ వేస్తారో, ఎవరిని అసలు వెయ్యరో చూస్తే కాపరికి కొంత అర్థమవుతుంది. బొమ్మను చూసి తీర్పు చెప్పెయ్యమని కాదు, పక్కన కూర్చుని అడగడానికి అదొక తలుపు.

సంఘం ఏం చేయగలదు?

1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిననాటి నుంచి ఈ ప్రాంతంలో గుడీ బడీ కలిసి పెరిగాయి. కాబట్టి ఇది ప్రభుత్వం పని అని చేతులు దులుపుకోవడం మనకు తగదు. పెద్ద ఖర్చు లేకుండా చేయదగినవి కొన్ని ఉన్నాయి.

సండేస్కూళ్లలో అచ్చువేసిన రంగుల కాగితాలు తగ్గించండి. ఎవరో గీసిన గీతల లోపల రంగు నింపడం చేతికి వ్యాయామమే, బొమ్మ వెయ్యడం కాదు. కథ చెప్పి, ఖాళీ కాగితం ఇవ్వండి. కాగితం పెద్దది ఇవ్వండి. పాత క్యాలెండర్ల వెనకవైపు చాలు.

టీచర్లు పిల్లల బొమ్మమీద చెయ్యి పెట్టకూడదు. దిద్దకూడదు, తాము గీసి చూపి "ఇలా వెయ్యి" అనకూడదు. "ఇదేమిటి?" అని అడిగినా బిడ్డ చిన్నబుచ్చుకుంటాడు. "దీని గురించి చెప్పమ్మా" అనండి. తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు మాత్రం పద్ధతి నేర్పాలి. దూరంగా ఉన్నది చిన్నగా ఎందుకు కనబడుతుంది, నీడ ఎటు పడుతుంది, ముఖంలో కళ్లు ఎక్కడ వస్తాయి అనేవి చూపించాలి. ఆ వయసులో "ఏదో ఒకటి వెయ్యి" అని వదిలేస్తే "నాకు రాదు" అనే మాట గట్టిపడుతుంది. చిన్నవారిని దిద్దకపోవడం, పెద్దవారికి నేర్పడం రెండూ ప్రేమే.

రంగులు కొనలేమని ఆగనక్కరలేదు. బొగ్గు ఉంది, సుద్ద ఉంది. కాలవగట్టు నల్లమట్టి బొమ్మలు చేసుకోవడానికి శ్రేష్ఠమైనది. పసుపు నీళ్లలో కొంచెం సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. పిల్లలకు అది రంగూ, సైన్సు పాఠమూ కూడ. సున్నం మాత్రం పెద్దవారే కలపాలి. బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్దితే అయిదు మూలల పువ్వు పడుతుంది. చుక్కలు పెట్టి ముగ్గు కలపడం మన తల్లులకు తెలిసిన గణితం. వారిలో ఒకరిని పిలిచి పిల్లలకు నేర్పించండి.

రిటైరైన డ్రాయింగు మాస్టారు, సైన్‌బోర్డులు రాసే సహోదరుడు, కుట్టుపని తెలిసిన సహోదరి ప్రతి సంఘంలోనూ ఉంటారు. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టడానికి, స్టేజీ అలంకరణకు మాత్రమే వారిని పిలుస్తున్నాం. నెలకు ఒక్క ఆదివారం పిల్లల ముందు కూర్చోబెట్టండి. బెసలేలుకు నేర్పే బుద్ధి ఇచ్చిన దేవుడు వీరికీ ఇచ్చాడని సంఘం ముందు చెప్పి ప్రార్థించండి. పిల్లల బొమ్మలకు పోటీలు పెట్టి ముగ్గురికి బహుమతులిచ్చి ముప్పైమందిని ఏడ్పించడం మానండి. అందరి బొమ్మలూ గోడకు అంటించండి. ప్రతి బొమ్మమీదా బిడ్డ పేరు ఉండాలి.

పాఠశాల కమిటీలలో, పేరెంట్స్ మీటింగుల్లో కూర్చునే విశ్వాసులకు ఒక మనవి. ఈసారి టైంటేబులు చేతికి వచ్చినప్పుడు బొమ్మల పీరియడు ఎక్కడుందో వెదకండి. ఉంటే, అది నిజంగా జరుగుతున్నదా అని మీ బిడ్డనే అడగండి. లేకపోతే, చట్టం పేరు చెప్పి మర్యాదగా అడగండి. అడిగే తల్లిదండ్రులు పదిమంది ఉంటే హెడ్మాస్టరుగారికి కూడ బలం.

కాపరులకు మరొక మాట. మేము చేసిన తప్పు మీరు చేయకండి. బిడ్డ బొమ్మ వేసి తెచ్చినప్పుడు కొలతలు చూడకముందు కాస్త ఆగండి. ఆ చేతులు అంత పెద్దగా ఎందుకున్నాయో అడగండి. మేము అడిగి ఉంటే ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్లి ఉండేవాళ్లం.

ఆ ఇంటికి ఈ వేసవిలో వెళ్లాం. తల్లి పనిలోకి వెళ్లింది, పాప ఇంట్లో ఉంది. నిరుడు చెరపమనడం మా తప్పని, ఆ బొమ్మే సరైనదని ఆ పిల్లతో చెప్పాం. తల వంచుకుని విన్నది. ఒక డ్రాయింగు పుస్తకం, పెన్సిళ్లు అక్కడ పెట్టి వచ్చాం. ఆమె వాటిని తెరుస్తుందో లేదో మాకు తెలియదు. ప్రార్థిస్తున్నాం. మీరూ మీ సంఘంలో ఇలాంటి బిడ్డ ఎవరో గుర్తు చేసుకుని, ఈ ఆదివారం ఒక ఖాళీ కాగితంతో వెళ్లండి.